బుద్రమ్మ కుండ, నీలిగోరింట

కంతిగుడలో సోములమ్మ ఇంటి చూరుకి ఒక పాత కుండ బోర్లించి వేలాడుతూ ఉంటుంది. మూతికి చెక్క బిగించి, చెక్కకి వేలు పట్టేంత చిల్లు పెట్టి, చుట్టూ పేడమట్టితో మెత్తారు. తెలియనివాళ్ళు దిష్టికుండ అనుకుంటారు. అరకు చూడ్డానికి వచ్చి దారి తప్పి ఊళ్ళోకి దూరిన టూరిస్టులు దాని కింద నిలబడి ఫోటోలు దిగుతారు. ఒకాయన ముచ్చటపడి ఎంతకిస్తావని కూడా అడిగాడు. "మాయమ్మని ఎంతకిచ్చేది బాబూ?" అంది సోములమ్మ, నవ్వకుండా. ఆయన కారెక్కి వెళ్ళిపోయాడు.

అది తేనెటీగల కుండ. సోములమ్మ తల్లి బుద్రమ్మ తన చేత్తో కట్టింది. ఏటా కార్తీకంలో వలిసెలు పూసి లోయంతా పసుపు ఆరబోసినట్టు అయ్యే రోజుల్లో తొర్ర ఈగలు ఎక్కడినుంచో గుంపుగా వచ్చి అందులో దిగుతాయి. పుష్యంలో వలిసెలు కోసి కుప్పలు వేయగానే, భోంచేసి చెయ్యి కడుక్కున్న చుట్టాల్లాగా లేచి వెళ్ళిపోతాయి. మళ్ళీ కాఫీ పూయాలంటే ఫాల్గుణం దాటాలి. ఆ మధ్య రెండు నెలలూ ఈగకి అందే పువ్వు ఆ చుట్టుపక్కల లేదు. ఆకలేసిన ప్రాణిని ఉండమంటే ఉంటుందా? నలభై ఏళ్ళుగా ఇదే తంతు. సోములమ్మ కుండ లోపల మైనం రాసి సిద్ధం చేస్తుంది. అవి వస్తాయి, ఆమె మురిసిపోతుంది, అవి పోతాయి, ఆమె వారం రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడదు.

బుద్రమ్మ బతికున్న రోజుల్లో ఇలా కాదు. అప్పట్లో ఆ కుండ ఏడాది పొడవునా మోగేది. ఊరికి పడమటి కొండగట్టంతా నీలిగోరింట ఉండేది మరి. మోకాలెత్తు మొక్క. దాన్ని ఎవరూ విత్తరు, నీళ్ళు పొయ్యరు. ఎండాకాలం పైనంతా ఎండి చచ్చినట్టు పడుంటుంది. తొలకరి పడగానే రాళ్ళ సందుల్లో దాక్కున్న వేరు నుంచి మళ్ళీ లేస్తుంది. ఆ వేరు ఎన్నేళ్ళదో చెప్పగల మనిషి ఊళ్ళో లేడు. వలిసెలు ముదిరే వేళకి మొదలుపెట్టి మాఘం చివరిదాకా పూస్తూనే ఉంటుంది. పొద్దున విచ్చిన పువ్వు మర్నాటికి రాలిపోతుంది, పక్కనే ఇంకోటి విచ్చుతుంది. గట్టు మీద నీలం మాత్రం తగ్గదు. అదున్నన్నాళ్ళూ కుండ కదలదని బుద్రమ్మ అనేది. లోయంతా కోతలై బోసిగా ఉన్నా, ఆమె ఈగలు కాళ్ళకి తెల్లటి పిండి అంటించుకుని గట్టు మీంచి వస్తూనే ఉండేవి.

పిల్లలకి దాని పువ్వుతో పనిలేదు, కాయలే కావాలి. మాఘంలో ఎండిన కాయ వడ్లగింజకన్నా కొంచెం పెద్దగా, గోధుమరంగులో, ముట్టుకుంటే గట్టిగా ఉంటుంది. దానికి తడి తగిలిందా, నాలుగు క్షణాలు ఆగి టప్పున పేలుతుంది. లోపలి గింజలు బారెడు దూరం ఎగిరిపోతాయి. సోములమ్మ మేనత్త కొడుకు సుక్రు ఇందులో ఘనుడు. ఉమ్మి రాసిన కాయని మెల్లగా ఆమె జాకెట్టు వెనక జారవిడిచి, ఏమీ ఎరగనట్టు ఆకాశం కేసి చూసేవాడు. ఆమె గెంతులు చూసి బుద్రమ్మ కూడా నవ్వేది. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే సోములమ్మ పడమటి గట్టు వైపు నుంచి మొహం తిప్పుకుంటుంది.

ఎందుకంటే ఆ గట్టు మీది నీలిగోరింటని పీకింది ఆమే.

ఆమెకప్పుడు ఇరవై ఏళ్ళు. కొండల మీద కాఫీకి నీడచెట్లు నాటే పని వచ్చింది. మేస్త్రీ కూలికి పిలిస్తే ఊళ్ళో వయసు పిల్లలంతా వెళ్ళారు, సుక్రు కూడా వెళ్ళాడు. నాటే ముందు గట్టు శుభ్రం చెయ్యాలన్నారు. మేస్త్రీకి నీలిగోరింట కలుపు. కొడవలితో కోస్తే మళ్ళీ లేస్తుందని, గునపంతో వేరుదాకా పెళ్ళగించమన్నాడు. పన్నెండు రోజులు పెళ్ళగించారు. సాయంత్రం ఇంటికొస్తే తల్లి అడిగింది, ఏ గట్టు చేస్తున్నారని. తూర్పు గట్టు అని చెప్పేసింది సోములమ్మ. ఎందుకు అబద్ధమాడిందో ఆమెకే తెలీదు. నోట్లోంచి వచ్చేసింది, అంతే. వేరు పసరువాసన చేతులకి పట్టి ఉంటే, బూడిద పెట్టి రుద్దుకుంది.

ఆ ఏడు పుష్యంలో కుండ ఖాళీ అయింది. బుద్రమ్మ దాని కింద నిలబడి చాలాసేపు చూసింది. చిల్లు దగ్గర చెవి పెట్టింది. తర్వాత లోపలికెళ్ళి గంజి కాచింది. ఒక్క మాట అనలేదు. ఆమె అరిచినా, తిట్టినా, సోములమ్మ అక్కడే ఏడ్చి నిజం చెప్పేసేది. అనకపోవడంతో చెప్పే దారి మూసుకుపోయింది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటుండగానే ఎనిమిదేళ్ళు గడిచాయి, బుద్రమ్మ జ్వరంతో పోయింది. పోయే ముందు ఏడు కూడా కుండకి మైనం రాసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ తర్వాతి ఏడు నుంచి ఆ పని సోములమ్మ చేపట్టింది.

ఇంతా చేస్తే ఆ గట్టు మీద నాటిన నీడచెట్లు పదికి ఒకటి కూడా బతకలేదు. వేళ్ళు పట్టుకోని మట్టి వానకి జారిపోయింది. ఇప్పుడక్కడ రాళ్ళు, మేకలు.

తర్వాతి జీవితం గురించి చెప్పుకోవడానికి సోములమ్మకి పెద్దగా ఏమీ లేదు, అడిగితే రెండు మాటల్లో తేలుస్తుంది. పెళ్ళి, సోని అనే కూతురు, భర్త చావు, అనంతగిరి రోడ్డులో కాఫీ నర్సరీలో ముప్పై ఏళ్ళ పని. మట్టి జల్లించి ప్లాస్టిక్ సంచుల్లో నింపడం, గింజ పెట్టడం, నీడ కట్టడం, నీళ్ళు చల్లడం. ఆమె చేతి మీదుగా పెరిగిన కాఫీ మొక్కలు ఎన్ని కొండలెక్కాయో లెక్కలేదు. నర్సరీ చూసుకునే రవిబాబు, సోములమ్మ గింజ పెడితే రాయి కూడా మొలుస్తుందని అందరికీ చెప్పేవాడు. ఆ పొగడ్త విన్నప్పుడల్లా ఆమెకి పడమటి గట్టు గుర్తొచ్చేది.

నాలుగేళ్ళ కిందట కంట్లో శుక్లం వచ్చింది. ఊళ్ళో ఆశా కార్యకర్తగా చేస్తున్న సోని, తల్లిని బలవంతాన కింద పట్నానికి తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించింది. తిరుగు ప్రయాణంలో రెండు సొరంగాల మధ్య సిగ్నల్ లేక రైలు ఆగింది. కిటికీ పక్కన కూర్చున్న సోములమ్మ కొత్త కన్నుతో బయటికి చూసింది. రైలు కట్ట కోసం కొండ తవ్వినచోట నిలువుగా ఉన్న రాతి గోడ, ఆ గోడ పగుళ్ళలో పదో పన్నెండో మొక్కలు, మొక్కల నిండా నీలం. మొదట కంటి మందు ప్రభావం అనుకుంది. కూతురి భుజం గుంజి, అక్కడేం రంగుందో చెప్పమంది. నీలం అంది సోని. రైలు కదిలాక కూడా ఆమె మెడ వెనక్కే తిరిగి ఉంది.

మాఘంలో తల్లీకూతుళ్ళు కట్ట వెంట రెండు గంటలు నడిచి అక్కడికి వెళ్ళారు. దొరికిన కాయలు గుప్పెడు. సోములమ్మ వాటిని కొంగులో కాకుండా పొడి గుడ్డలో కట్టుకుంది. కొంగుకి చెమట తడి ఉంటుందని సోనికి చెప్పలేదు, నడుస్తూ తనలో తను నవ్వుకుంది.

మొదటి ఏడు ఆ గింజల్ని కాఫీ గింజల్లాగే పెంచింది. రవిబాబు సంచులిచ్చాడు. నీడవల కట్టింది, పూటపూటా నీళ్ళు చల్లింది. ముప్పై ఏళ్ళ చెయ్యి కదా, ఇంకో పద్ధతి రాదు. గింజలు మొలిచాయి, రెండాకులేశాయి, తర్వాత కాడ నల్లబడి ఒకటొకటిగా కుళ్ళిపోయాయి. రాళ్ళ మీద ఎండకి బతికేదాన్ని నీడలో పెట్టి ముద్దు చేస్తే ఊపిరాడలేదు. ఆ సంచులన్నీ బోర్లించి మట్టి పారబోస్తూ సోములమ్మ తనను తాను తిట్టుకుంది. దీన్ని పెంచడమంటే ఏమీ చెయ్యకపోవడమే అని అప్పుడర్థమైంది. రాతి నేల కొంచెం గీరి, తొలకరికి ముందు గింజ చల్లి, మేక నోరు పడకుండా చూస్తే చాలు. మిగతాది అదే చూసుకుంటుంది.

దానికి గింజ బాగా కావాలి. ఇంకో రెండు మాఘాలు కట్ట వెంట నడిచి, సొరకాయ బుర్ర నిండా కాయలు కూడబెట్టింది. కాయల్ని నలిపి గింజ తియ్యలేదు. ఏ గింజైనా దాని పొట్టులోనే బాగా నిలుస్తుందని తల్లి మాట. బుర్రకి మూత బిగించి, పొయ్యి పైన అటక మీద పొగ తగిలే చోట పెట్టింది. ఊరివాళ్ళని కూర్చోబెట్టి, పడమటి గట్టు మీదికి ఒక్క వానకాలం మేకల్ని తోలొద్దని బతిమాలింది. గడ్డి లేక మేకలేం తింటాయని గొణిగారు. చివరికి ఒక్క ఏడాదికి ఒప్పుకున్నారు. రెండో ఏడాది అడగొద్దన్నారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని వెనకాల నవ్వుకున్నారు కూడా.

ఆ ఫాల్గుణంలోనే రైలు రెండో లైను కోసం కట్ట వెడల్పు చేశారు. రాతి గోడని మిషన్లు తొలిచేశాయి. సోని పనిమీద వెళ్ళి చూసొచ్చి, చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి చెప్పింది. సోములమ్మ అటక కేసి చూసింది. నీలిగోరింట అంటూ ఆమెకి తెలిసినంతలో ఇక ఆ బుర్రలోనే ఉంది.

చైత్రంలో ఇటుకల పండుగ వచ్చింది. మగవాళ్ళు వేటకని కొండెక్కుతారు, ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా దుంగ వేసి వచ్చే పోయే కార్లని ఆపి పాటలు పాడతారు. అది బయటివాళ్ళకి కనబడే పండుగ. లోపలి పండుగ వేరే ఉంది. ఆ ఏడు విత్తబోయే గింజ ప్రతిదీ, చోళ్ళు, సామలు, వలిసెలు, కందులు, బుట్టలో పెట్టి ఊరి దేవత జాకరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాలి. ఊళ్ళో పూజలు చేసే దిసారి మంత్రించిన నీళ్ళు చల్లుతాడు. జాకరమ్మకి చూపించని గింజని కంతిగుడలో ఏ చెయ్యీ విత్తదు. కట్టు మీరి విత్తితే ఏమవుతుందో ఎవరూ చెప్పరు. ఎవరూ విత్తలేదు గనక ఎవరికీ తెలీదు.

ఇప్పుడు ఆ దిసారి ఎవరో కాదు, జాకెట్లో కాయలు జారవిడిచిన సుక్రే. తండ్రి తర్వాత ఆ బాధ్యత అతనికి వచ్చింది. బాధ్యత వచ్చాక మనిషికి గాంభీర్యం కూడా వచ్చింది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటాడు.

నీలిగోరింట పంట కాదు, అడవి మొక్క, దాన్ని చూపించక్కర్లేదు అంది సోని. రవిబాబు కూడా అదే అన్నాడు. వాళ్ళ మాట వినుంటే ఈ కథ లేదు. సోములమ్మ మాత్రం రాత్రంతా కాదు గానీ రెండు పూటలు ఆలోచించింది. పీకినప్పుడు ఎవర్నీ అడగలేదు. ఇప్పుడు పెట్టేటప్పుడైనా అడిగి పెట్టాలి. నీళ్ళు చల్లుతారని ఆమెకి తెలుసు. అందుకని కాయలన్నిటినీ విస్తళ్ళు కుట్టే పెద్ద అడ్డాకు పొట్లంలో కట్టి, పైన ఇంకో ఆకు చుట్టి, నారతో బిగించింది. అడ్డాకు మీద నీటిబొట్టు నిలవదు. చోళ్ళ బుట్టలో మధ్యన ఆ పొట్లాన్ని కూర్చోబెట్టింది.

జాకరమ్మ చోటు ఊరికి ఎగువన, ముసలి మద్దిచెట్టు కింద. నాలుగు నిలువు రాళ్ళు, చుట్టూ ఎకరం పైన ఖాళీ మెట్ట. ఆ మెట్ట మీద నాగలి పెట్టరు, గొడ్డలి పెట్టరు, నిప్పు పెట్టరు, పశువుని తోలరు. సుక్రు బుట్టల వరస వెంట మామిడి కొమ్మతో నీళ్ళు చల్లుకుంటూ వచ్చి, పొట్లం దగ్గర ఆగాడు.

"మూసి తెత్తే తల్లికి ఎలాగ కనబడతాది? ఇప్పు" అన్నాడు.

సోములమ్మ మెల్లగా, ఇది తడవకూడని గింజ బావా అంది. తడవకూడని గింజ ఎక్కడైనా ఉంటుందా అన్నాడతను, జనం వింటున్నారని గొంతు పెంచి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అనలేదు. ఆమె నార విప్పింది. నలభై ఏళ్ళుగా చూడని కాయ, సుక్రు ఆనవాలు పట్టలేదు. చెయ్యి అలవాటు మీద కొమ్మ విదిలించి పక్క బుట్టకి జరిగాడు.

ఒక కాయ టప్పుమంది. జనం అటు చూశారు. ఇంకోటి, ఆపైన మూకుడులో పేలాలు వేగినట్టు పొట్లమంతా ఒక్కసారి చిటపటలాడింది. గింజలు రాళ్ళ మీద, చెట్టు మొదట్లో, సుక్రు తలపాగా మీద, ఆడవాళ్ళ కొప్పుల మీద పడ్డాయి. పొట్లం పట్టి దూరంగా పరిగెత్తింది సోములమ్మ. పరుగుకి అవి ఇంకా చెదిరి మెట్ట పొడుగునా పడ్డాయి. జనం కడుపు పట్టుకుని నవ్వారు. మరి నవ్వొచ్చేదే కదా. ఆమె మోకాళ్ళ మీద కూలబడి గింజలు ఏరబోయింది.

అప్పుడు సుక్రు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఒగ్గేయ్ సోములా. ఇక్కడ పడ్డాది తల్లిది. ఎనక్కి తియ్యకూడదు."

అది కూడా ఆచారమే, ఆమెకి తెలియనిది కాదు. జాకరమ్మ చోటులో పడిన గింజనీ, పండునీ, పూసనీ తిరిగి ఏరుకోరు. సోములమ్మ లేచి, ఖాళీ ఆకు అక్కడే పడేసి, చోళ్ళ బుట్ట కూడా మరిచిపోయి ఇంటికొచ్చింది. ఇంకా రెండు నెలలు చినుకు పడదు. తడిసిన గింజ అన్ని ఎండలకి ఆగదని నర్సరీలో పనిచేసిన మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ సాయంత్రం కుండ కింద నిలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. తల్లికి చెప్పుకోవడానికి మిగిలిన ఒక్క దారీ పోయిందని ఏడ్చింది.

వానలు రాగానే మేకలు పడమటి గట్టెక్కాయి. ఆపడానికి ఇప్పుడక్కడ ఏముంది? ఊళ్ళో ఆమెకి టపాకాయల సోములమ్మ అని పేరొచ్చింది. సుక్రుతో మాట మానేసింది. ఎదురుపడితే దారి మార్చేది. ఒకటి రెండుసార్లు అతను ఏదో చెప్పడానికి గుమ్మం దాకా వచ్చాడు. ఆమె లోపలికెళ్ళి గిన్నెలు గట్టిగా చప్పుడు చేసింది. అతను వెళ్ళిపోయాడు.

మరుసటి చైత్రం పండుగకి వెళ్తే జాకరమ్మ మెట్ట అంతా పిచ్చిగడ్డి, ఎండుపుల్లలు. ప్రతి ఏడూ పండుగ ముందు దిసారి పారతో చెక్కి, ఊడ్చి, ముగ్గు పెట్టాలి. ఈసారి రాళ్ళ ముందు చాపంత మేర తప్ప ఏమీ చెయ్యలేదు. అడిగితే, తల్లి కలలోకొచ్చి పార పెట్టొద్దందని చెప్పాడు. ఆడవాళ్ళు మొహాలు చూసుకున్నారు. సోములమ్మ అతనికి వినబడేలాగే, ముసలాడికి నడుం వంగక కలలొస్తున్నాయి అంది. నవ్వు లేచింది. ఒకప్పటి సుక్రు అయితే రెండు మాటలు తిరగ్గొట్టేవాడు. అతను తల దించుకుని నీళ్ళు చల్లుకుంటూ పోయాడు.

కార్తీకం వచ్చింది, వలిసెలు పూశాయి, ఈగలు కుండలో దిగాయి. పుష్యం వచ్చింది, వలిసెలు కోశారు. కోత అయిన రోజు నుంచి సోములమ్మ కుండ కేసి చూడదు. పోయేవాళ్ళని చూస్తూ నిలబడే ఓపిక తనకి లేదంటుంది. వారం పోయాక సోనియే, ఇదేటమ్మా ఇంకా మోగుతున్నాది అంది. సోములమ్మ నమ్మలేదు. మూడు రోజులు చూసింది. ఈగలు పోతున్నాయి, వస్తున్నాయి. వచ్చేవాటి కాళ్ళకి పిండి ఉంది. వలిసె పిండి అయితే పసుప్పచ్చగా ఉండాలి. ఇది తెలుపు.

 అరుగు మీద కూర్చుని, చిల్లులోంచి బయటికొచ్చే ఈగ ఎటు పోతుందో చూసింది. అవి లోయలోకి దిగడం లేదు. చింతచెట్టు పైనుంచి మలుపు తిరిగి ఎగువకి పోతున్నాయి. చేతికర్ర తీసుకుని ఆ దారినే ఎక్కింది. సగం దూరంలో ఎక్కడికి పోతున్నదీ ఆమెకి అర్థమైపోయింది. అయినా మనసు ఒప్పుకోక మెల్లగా నడిచింది.

జాకరమ్మ మెట్ట నిండా నీలం. నిలువు రాళ్ళ మొదళ్ళలో, మద్ది వేళ్ళ సందుల్లో, గడ్డి మధ్య, ఆమె పొట్లం పట్టుకుని పరిగెత్తిన దారి పొడుగునా మోకాలెత్తు నీలిగోరింట. కాయ తడిసింది గానీ, లోపలి గింజ పొడిగానే ఎగిరి పడిందన్నమాట. వానదాకా అలాగే ఆగింది. మొదటి ఏడు ఆకులేసి, ఎండకి పైన చచ్చి, వేరు పట్టి, ఈ ఏడు పూసింది. నాగలి లేదు, నిప్పు లేదు, మేక లేదు. కొండల్లో అంత భద్రమైన నేల ఇంకోటి ఎక్కడుంది? ఒక్క ఏడాది కోసం బతిమాలుకున్న మనిషికి జాకరమ్మ ఎప్పటికీ ఇచ్చేసింది. ఈగలు పువ్వు పువ్వునా మూగి ఉన్నాయి.

మద్దిచెట్టు కింద సుక్రు కూర్చుని ఉన్నాడు. ఇప్పుడా తీరిక దొరికింది నీకు అన్నట్టు చూశాడు. మొదటి వానకే మొలకలు చూశాడట. చెబుదామని వస్తే గిన్నెల చప్పుడు విని తిరిగిపోయాడట. పార పెడితే వేరు తెగుతుంది, మొలకలున్నాయంటే ఎవరూ లక్ష్యపెట్టరు, అందుకని తల్లి కలలో చెప్పిందన్నాడు. నిజంగా కల వచ్చిందా అని సోములమ్మ అడిగింది. రెండేళ్ళ తర్వాత అతనితో ఆమె అన్న మొదటి మాట అది.

"రాలేదు" అన్నాడు సుక్రు. "అబద్దమాడినాను. నువ్వాడలేదేటి, తూరుపు గట్టని?"

సోములమ్మ కర్ర మీద వాలింది. నలభై ఏళ్ళుగా ఆ మాట ఆమెకి తప్ప ఇంకెవరికీ తెలియదనుకుంది. ఎవరు చెప్పారని అడిగింది.

సుక్రు పువ్వుల కేసి చూస్తూ చెప్పాడు. "అత్తే సెప్పినాది. నీ సేతులు వాసనొచ్చినాయట, ఆ రోజే తెలిసిపోనాదట. నన్ను పిలిసి ఏటన్నాదో తెలుసా? గుంట సిగ్గుతో సచ్చిపోతాది, ఎప్పుడూ దాని దగ్గిర అనకురా అన్నాది. అది సల్లగుంటే సాలు, ఈగలు రేపొత్తాయి అన్నాది."

సోములమ్మ అక్కడే నేల మీద కూర్చుంది. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది, రెండూ కలిసి వచ్చాయి. తల్లి ఆ రోజు ఏమీ అనకుండా లోపలికెళ్ళి గంజి కాచింది కోపంతో కాదు. ఆ గంజి తను తాగలేక సగం వదిలేస్తే, ఆ సగం తల్లి తాగింది. ఇన్నేళ్ళూ ఆ పూటని తలుచుకుని తలుచుకుని బాధపడింది, ఒక్కసారీ సరిగ్గా తలుచుకోలేదు.  సుక్రు లేచి తలపాగా సర్దుకుని, మాఘంలో కాయలెండుతాయి, జాకెట్టు జాగ్రత్త అన్నాడు. అరవై దాటిన మనిషి మాట్లాడే మాటేనా అది? ఆమె కర్రతో అతని కాలి మీద ఒక్కటిచ్చింది.

ఇంటికి వచ్చేసరికి సోని పనికి వెళ్ళిపోయింది. సోములమ్మ కుండ కింద నిలబడింది. తల్లి నిలబడిన చోటే నిలబడి, తల్లి పెట్టినట్టే చిల్లు దగ్గరగా చెవి పెట్టింది. లోపల గట్టిగా, ఎడతెగకుండా మోగుతోంది. చెప్పాల్సిన మాట ఒకటి ఆమె దగ్గర నలభై ఏళ్ళుగా ఉంది. ఎలా మొదలుపెట్టాలో, ఎలా ముగించాలో ఎన్నోసార్లు అనుకుని ఉంచుకున్న మాట. ఇప్పుడు దానితో పనిలేదు.

"ఎల్లలేదమ్మా" అంది. "ఇక్కడే ఉన్నాయి."

ఒక ఈగ చిల్లులోంచి వచ్చి, ఆమె ముంజేతి మీద వాలి, కాళ్ళు తుడుచుకుని ఎగువకి ఎగిరిపోయింది. సోములమ్మ పొయ్యి మీద గంజి పెట్టడానికి లోపలికి వెళ్ళింది.